మధ్య నుంచి అంచుకి

మా పెదనాన్న పోయిన మూడో రోజు జగ్గయ్యపేటలో ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ లేచి ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచిన ప్రతివాళ్ళూ ఒకటే మాట పట్టుకున్నారు. జాగ్రత్త. "అంత జాగ్రత్త గల మనిషిని నా సర్వీసులో చూళ్ళేదండి" అన్నాడు ఆయనతో కాలేజీలో పనిచేసినతను. "ఆయన చేతిలో పడ్డ వస్తువు ఎన్నేళ్ళయినా అట్టపెట్టెలోంచి ఇప్పుడే తీసినట్టుండేది" అంది పక్కింటావిడ. పాస్టరుగారు ఇంకో మెట్టు పైకెక్కి, దేవుడు తనకి అప్పగించినవాటిలో ఒక్కదాన్ని కూడా పాడుచేయని మనిషని ప్రార్థనలోనే చెప్పేశారు. నేను వెనక వరసలో తల వంచుకుని కూర్చున్నాను. ఏడుస్తున్నాననుకున్నారు అందరూ. నాకు ఒళ్ళు మండుతోంది.

ఆయన మా అమ్మ అక్క భర్త. నందిగామలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. నేను అదే కాలేజీలో ఇంటర్ చదివిన రెండేళ్ళూ వాళ్ళింట్లోనే ఉన్నాను. పొద్దున ఆయన వెనకాలే బస్సెక్కి నందిగామ వెళ్ళడం, సాయంత్రం ఆయన వెనకాలే పేటకి తిరిగి రావడం. బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేవాడు కాదు, చొక్కాకి దుమ్ము పడుతుందని. ల్యాబులో పిల్లల చేతికి బ్యూరెట్టు అనే గాజుగొట్టం ఇచ్చి కూడా రెండో చివర వదిలేవాడు కాదు. వాళ్ళు ప్రయోగం చేస్తున్నంతసేపూ అలా పట్టుకునే నిలబడేవాడు. ఆయన దగ్గర చదివినవాళ్ళకి బ్యూరెట్టంటే భయం వచ్చింది గానీ కెమిస్ట్రీ రాలేదు. ఆయనకీ రాలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఇంట్లో పెద్దరికం మాత్రం ఆయనది కాదు, డీవీడీ ప్లేయరుది. కొత్తిల్లు కట్టుకున్న ఏడాది విజయవాడలో కొని, బస్సులో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. దాంతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకానికి అట్ట వేసి బైబిలు పక్కన పెట్టుకున్నాడు. నేను బట్టల పెట్టె దించిన సాయంత్రం పెద్దమ్మ నాకు మంచినీళ్ళిచ్చింది. ఆయన నన్ను కూర్చోబెట్టి ఆ పుస్తకం చదివి వినిపించాడు.

"అమ్మాయ్, దీన్ని టీవీ మీద పెట్టకూడదు. ఎందుకు?"

"పడిపోతదనా పెదనాన్నా?"

"కాదు. కింద నించి వేడి. గోడకి ఆనించకూడదు. నాలుగు పక్కలా నాలుగు వేళ్ళ సందుండాలి, గాలాడాలి దానికి. ట్రేని వేలితో తొయ్యకూడదు. బటన్ నొక్కితే అదే లోపలికి పోద్ది. లోపల డిస్కు పెట్టి ప్లేయర్ని కదపకూడదు. ఉరిమిందంటే ముందు ప్లగ్గు పీకాలి, తర్వాతే ఆరేసిన బట్టలు. మూత తియ్యకూడదు. లోపల లేజరు ఉంటది, కళ్ళు పోతయ్."

"నేనెందుకు తీస్తాను?"

"తియ్యవు. తియ్యకూడదని చెప్తున్నా."

డిస్కు పట్టుకోవడం ఆ రోజే నేర్పాడు. చూపుడు వేలు మధ్య కన్నంలో, బొటనవేలు అంచున. మెరిసే వైపు గోరు కూడా తగలకూడదు. ఒక పాత సినిమా డిస్కిచ్చి నా చేత పదిసార్లు తీయించి పెట్టించాడు. తుడవడం కూడా చూపించాడు. ఉతికిన మెత్తటి నూలుగుడ్డ మడిచి, ఊపిరి బిగబట్టి, గీత గీసినట్టు తుడిచేవాడు. "మధ్య నుంచి అంచుకి. గుండ్రంగా తిప్పకూడదు. తోమడానికి ఇదేం కంచం కాదు."

ఆయన చెప్పినవాటిలో చాలావరకు నిజాలే. ఆయనతో వచ్చిన చిక్కూ అదే. పుస్తకంలో ఉన్నదంతా తెలుసు గనక, పుస్తకంలో లేనిది కూడా తనకి తెలుసనుకునేవాడు.

పేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. గాలి ఎటు తిరిగితే అటువైపు ఇళ్ళ మీద సన్నటి బూడిద పడుతుంది. అందుకని ప్లేయరు వేసినప్పుడు కిటికీలు మూసేవాడు. ఫ్యాను కూడా ఆపేవాడు, తిరిగితే దుమ్ము లేస్తుందని. నడి వేసవిలో చర్చి నుంచి వచ్చిన చుట్టాలు నలుగురైదుగురు ఆ గదిలో ఇరుక్కుని, చెమటలు కారుస్తూ, పమిటలతో విసురుకుంటూ సినిమా చూసేవాళ్ళు. "పమిట విసరకండమ్మా" అనేవాడు. ఆ గదిలో నాలుగు పక్కలా గాలాడేది ప్లేయరుకొక్కదానికే.

సినిమా అయ్యాక దాని మూత మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడేవాడు. వేడి పూర్తిగా దిగిందని నమ్మకం కుదిరాకే దాని మీద లేసుగుడ్డ కప్పేవాడు. ఆ లేసు అల్లింది పెద్దమ్మ. ఆ రెండేళ్ళలో పెద్దమ్మకి ఒకసారి టైఫాయిడ్ వచ్చింది. మంచం మీద మూలుగుతుంటే ఈయన గుమ్మంలో నిలబడి "ఎట్టా ఉందే?" అని అడిగి, జవాబు వినకుండానే కాలేజీకి బయల్దేరేవాడు. ఒక్కరోజైనా ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం నేను చూళ్ళేదు.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకోదగ్గవే. ప్రతి వీధిలోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. ఊరుకోలేనిది ఒకటుంది.

పెద్దమ్మకీ మా అమ్మకీ ఒక్కడే తమ్ముడు. చెవిటికల్లులో అమ్మమ్మ దగ్గరుండి కౌలు పొలం చేసుకునేవాడు. బాగా పాడేవాడు. పెద్దమ్మవాళ్ళ కొత్తింటి ప్రార్థన రోజున మావయ్య గుమ్మంలో నిలబడి పాట ఎత్తుకున్నాడు. పాట అయ్యాక అక్క నోట్లో లడ్డూ కుక్కి, వీడియో తీసే అతనివైపు తిరిగి "మా అక్క ఏడ్చిందా నవ్విందా, సరిగ్గా తియ్యి" అని వేళాకోళమాడాడు. ఆ వీడియో ఒకటే డిస్కులో ఎక్కించి ఇచ్చారు. ఏడాది తిరక్కుండా చిల్లకల్లు దగ్గర హైవే మీద బండి మీద వెళ్తూ మావయ్య పోయాడు. ఇంకో కాపీ కోసం అడిగితే, స్టూడియో అతను తన దగ్గరున్నది చెరిపేశానన్నాడు. ఫోటోలు అందరిళ్ళలోనూ ఉన్నాయి. గొంతు ఆ డిస్కులో ఒక్కదాంట్లోనే ఉంది.

మావయ్య పోయి ఏడాదైన రోజున అమ్మమ్మ చెవిటికల్లు నుంచి వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెదనాన్న కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, డిస్కు పెట్టాడు. అమ్మమ్మ నేల మీద టీవీకి దగ్గరగా కూర్చుంది. కొడుకు పాడినంతసేపూ రెప్ప వెయ్యలేదు. అయిపోగానే అల్లుడివైపు తిరిగింది.

"ఇంకొక్కసారి పెట్టు బాబూ."

"చాలండి. మోటారు వేడెక్కుద్ది."

ఆయన బటన్ నొక్కి, ట్రే బయటికి రాగానే డిస్కు తీశాడు. అమ్మమ్మ లేచి రెండు చేతులూ చాపింది. "ఒక్కసారి ఇయ్యి బాబూ. పట్టుకుని ఇచ్చేస్తా."

ఆయన ఇచ్చేవాడు కాదేమో. పెద్దమ్మ ఎప్పుడూ లేంది ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "చేతులు కడుక్కుని రండి" అన్నాడు. అమ్మమ్మ దొడ్లోకి వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, ఆయన చూపించిన తువ్వాలుతోనే తుడుచుకుని వచ్చింది. ఆ చేతులు జీవితమంతా మిరపకాయలు కోసినవి, పత్తి తీసినవి. ఆయన డిస్కు ఆ చేతుల్లో పెట్టాడు. ఆవిడ దాన్ని కాసేపు చూసింది. తర్వాత పైకెత్తి, మెరిసే వైపు, ముద్దు పెట్టుకుంది.

"అయ్యయ్యో!" ఆయన లాక్కున్నంత పని చేశాడు. "ఏం పనండీ ఇది? ఉమ్ము తగిల్తే లోపల లెన్సు పోద్ది. చదువులేనివాళ్ళ చేతికిస్తే ఇంతే."

"తెలియలా బాబూ" అంది అమ్మమ్మ. చాపిన చేతులు అలాగే ఉన్నాయి ఆవిడవి. పెద్దమ్మ నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు. నా కాలేజీ పుస్తకంలోకి తల దూర్చాను. ఆ సిగ్గు నాకిప్పటికీ ఉంది.

ఆయన డిస్కు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ గది అలమరలో ల్యాబు నుంచి తెచ్చిపెట్టుకున్న సీసాలు రెండు మూడు ఉండేవి. కాసేపటికి గోళ్ళరంగు తుడిచే మందు వాసన ఇల్లంతా వచ్చింది. ఈ ఇంట్లో గోళ్ళరంగు ఎవరేసుకుంటారా అనుకున్నాను. ఆయన బయటికి వచ్చేసరికి ముఖంలో నెత్తురు లేదు. డిస్కు అప్పటికే కవర్లో ఉంది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

అమ్మమ్మ బస్సుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "పాడవలేదు గదా బాబూ?"

"చూద్దాం. చెప్పలేం" అన్నాడు.

వారం తర్వాత అన్నం తింటూ తీర్పు చెప్పాడు. "ఆ డిస్కు ఇంక పెట్టను. తిప్పేకొద్దీ అరుగుద్ది. మీ అమ్మ చేసిన పనికి ఇప్పటికే దెబ్బతింది. ఉన్నదాన్నన్నా కాపాడుకుందాం." సైన్సు తెలిసిన మనిషి గదా అని నేను నమ్మాను. పెద్దమ్మ నమ్మింది. ఆ మాట చెవిటికల్లు చేరాక అమ్మమ్మ అందరికంటే ఎక్కువగా నమ్మింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు బతికిందావిడ. ఎప్పుడు వెళ్ళినా అదే మాట. "నా మూతి మాడ. నా కొడుకు గొంతుని నా నోటితో నేనే మింగేసానే." గోడకి మావయ్య ఫోటో ఉండేది. అంతకుముందు రోజూ పమిట చెంగుతో తుడిచేది దాన్ని. ఆ తర్వాత ముట్టుకోవడం మానేసింది. రెండడుగుల దూరంలో నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని చూసేది. ఆవిణ్ణి మట్టిలో పెట్టిన రోజు వాన పడింది. మా పెదనాన్న ప్యాంటు అంచులు రెండు చేతులతో పైకి పట్టుకుని, బురద అంటకుండా నిలబడ్డాడు. ఆ ఒక్క పని ఆయన ఎంత శ్రద్ధగా చేశాడో నాకు బాగా గుర్తు.

ఏటా మావయ్య పోయిన రోజున పెద్దమ్మ అడిగేది. "ఇవాళన్నా పెట్టండి." ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ "అరుగుద్దే" అనేవాడు. నేను ఉండగానే ఈ మాటలు నాలుగైదుసార్లు జరిగాయి. సిమెంటు లారీలు పోయే వీధిలో, లేసుగుడ్డ కింద, ప్లేయరు మాత్రం నిగనిగలాడుతూ ఉండేది.

ఇప్పుడు నేను నందిగామలో టీచరుగా చేస్తున్నాను. కూడిక అయిన మర్నాడు పెద్దమ్మ బీరువా తాళాలు నా చేతికిచ్చి, ఆయన కాగితాలు సర్దమంది. అడుగు అరలో డిస్కు కనపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "పెద్దమ్మా, ఇంక అడ్డెవరు? నందిగామలో ఇచ్చి ఫోన్లోకి ఎక్కించుకొస్తా. రోజుకి పదిసార్లు విను. ఫోన్లో అరిగేదేం లేదు."

పెద్దమ్మ ఆ కవరువైపు కొంచెంసేపు చూసి, "తీసుకెళ్ళు" అంది.

నందిగామ బస్టాండు దగ్గర పాత టీవీలూ ప్లేయర్లూ బాగుచేసే షాపు ఒకటి ఇంకా ఉంది. అతనికి యాభై ఏళ్ళుంటాయి. నేను కవరు బల్ల మీద పెట్టగానే, తెరవకుండానే అన్నాడు.

"ఇది ల్యాబ్ సారుది కదండీ?"

పోయారని చెప్పాను. అతను చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "అయ్యో. ఎన్నేళ్ళు తిరిగారండీ దీని కోసం. కాలేజీ వదిలాక వచ్చేవారు. రిటైరయ్యాక కూడా నందిగామలో ఏ పనున్నా ఇక్కడికొచ్చేవారు. మిషను మీద పాలిష్ పట్టా. హైదరాబాదులో తెలిసినాయనకి పంపా. లాభం లేదండి."

"ఏమైంది దీనికి?"

అతను డిస్కు తీసి ట్యూబులైటు కింద పట్టాడు. మెరవాల్సిన వైపు పాలు ఒలికి ఎండిపోయినట్టు తెల్లగా ఉంది. "గీతలైతే పాలిష్‌తో పోతయ్ మేడం. ఇది ప్లాస్టిక్కే చెడిపోయింది. ఎసిటోన్ పెట్టి తుడిచారు. గోళ్ళరంగు తుడుస్తారే, ఆ మందు. గాజుని బ్రహ్మాండంగా తుడుచుద్ది. డిస్కు గాజు కాదు గదండీ."

వెనక గది తలుపు, ఇల్లంతా నిండిన ఆ వాసన ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. "ఈ సంగతి ఆయనకి చెప్పారా?"

"మొదటిరోజే చెప్పా. ఎవరు తుడిచారండీ అంటే, ఎవరూ తుడవలేదు, మా అత్తగారు ముద్దు పెట్టుకుంటే ఇట్టయిందన్నారు." అతను నవ్వబోయి నా ముఖం చూసి మానుకున్నాడు. "ముద్దుకి డిస్కు పాడవుద్దాండీ? మెత్తగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయేది."

"తిప్పితే అరుగుతుందా?"

"దేనికి అరుగుద్దండీ? దాన్ని తాకేది వెలుతురే."

నేను డిస్కు తీసుకుని లేచాను. అతను ఇంకో మాట చెప్పాడు. "పాట రాకపోయినా ఫర్లేదయ్యా, ఒక్క మాట, గొంతు వినపడితే చాలనేవారండి. ఆ స్టూలు మీద కూర్చుని తల పట్టుకునేవారు పాపం."

ఆ మాట విని బస్టాండు దాకా మెత్తబడ్డాను. దాచను. బస్సెక్కి కూర్చున్నాక అమ్మమ్మ చేతులు గుర్తొచ్చాయి. డిస్కు బాగుచేయించడానికి ఈ మనిషి అన్నేళ్ళు తిరిగాడు. మొదటి నాలుగేళ్ళు చెవిటికల్లులో ఆవిడ బతికే ఉంది. నందిగామ నుంచి ఎంత దూరం చెవిటికల్లు? ఒక్కపూట వెళ్ళి, "పాడుచేసింది నేనండీ, మీరు కాదు" అంటే బాగయ్యేది ఒకటుంది. పాలిష్ అక్కర్లేదు, హైదరాబాదు పంపక్కర్లేదు. దాని జోలికే పోలేదు. తన పేరు మీద గీత పడకుండా చూసుకున్నాడు. దాన్నే నిన్న షామియానా కింద జాగ్రత్త అన్నారు.

పేటకి వచ్చి పెద్దమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు.

"నాకు తెలుసు" అంది.

"తెలుసా?"

"అమ్మ పోయిన ఏడాది తర్వాత తెలిసింది. ఆయన కాలేజీకి పోయాక బీరువా తీసి పెట్టి చూసా. నో డిస్కు అని పడింది తెర మీద. లోపల పెట్టింది నా చేత్తో నేనే, అదేమో లేదంటది. తీసి వెనక్కి తిప్పి చూసా. కంటికి శుక్లం పట్టినట్టుంది. ముద్దు పెట్టిన చోటు ఎంతుంటది? రూపాయి బిళ్ళంత. ఇది మొత్తం పోయింది. మధ్య నించి అంచుకి గీతలు గీతలుగా తుడిచిన జాడ. మన ఇంట్లో అట్టా తుడిచేదెవరు?"

"మరి ఏటా పెట్టండి, పెట్టండి అని ఎందుకడిగావు?"

"చెప్తాడేమోనని." ఒక కాయ విరిచి గిన్నెలో వేసింది. "నేను అడిగిన ప్రతిసారీ ఆయనకి ఒక దారి ఇచ్చినట్టేగా. నా వల్ల పోయిందే అంటే, పోతే పోయిందిలెండి అనేదాన్ని. అనడానికి సిద్ధంగానే కూర్చునేదాన్ని. ఆస్పత్రిలో ఆఖరి రోజు కూడా అడిగా. మా తమ్ముడి డిస్కు ఏమైందండీ అని. బీరువాలో భద్రంగా ఉందే అన్నాడు."

"తెలిసి నన్నెందుకు నందిగామ పంపావు?"

"నేను చెప్తే పోయిన మొగుడి మీద చాడీ చెప్పినట్టుంటది. బయటివాళ్ళ నోటితో నువ్వు వినాలి. మీ అమ్మకి కూడా నువ్వే చెప్పు. మా అమ్మ తప్పు లేదని చెప్పు."

అప్పుడు ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

నెల తిరిగాక సమాధి రాయి చెక్కే అతను ఇంటికొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. జేబులోంచి కాగితం తీసి పెద్దమ్మ చెప్పిన పేరు, తేదీలు రాసుకున్నాడు.

"కింద ఒక వాక్యం పడుద్దమ్మా. అందరూ రాయిస్తారు. ఏం చెక్కమంటారు?"

"ఏమీ వద్దు."

"బోసిగా ఉంటదమ్మా. సగం రాయి ఖాళీ."

"ఉండనీ బాబూ." ఆవిడ కుర్చీలో ముందుకి జరిగింది. "చెవిటికల్లులో కూడా పని చేస్తావా? అక్కడ మా అమ్మకి రాయి లేదు."

"చేస్తానండి. ఆవిడకి వాక్యం?"

పెద్దమ్మ ఆలోచించుకోలేదు. "రాసుకో. ఈ తల్లి చేతుల వల్ల ఏదీ పాడవలేదు."

అతను పెన్సిలు ఆపి నా వైపు చూశాడు. "ఇట్టాంటిది రాయి మీద ఎవరూ రాయించరండి. చదివినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకోండి" అన్నాను నేను.

రాసుకున్నాడు. పెద్దమ్మ ఆ కాగితం అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చదువుకుంది. తర్వాత తిరిగి ఇచ్చింది.

"లోతుగా చెక్కు బాబూ" అంది.